నిక్సీ గడియారం: ట్యూబు వెలిగించే ముందు

అడాప్టర్ 12 వోల్టులదే కదా, ఏమవుతుందిలే అనుకోకండి. నిక్సీ ట్యూబు (గ్యాస్ నింపిన గాజు గొట్టం, లోపలి లోహపు అంకెలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి) అంటుకోవాలంటే దాదాపు 170 వోల్టుల డీసీ కావాలి. బోర్డు మీదున్న బూస్ట్ కన్వర్టర్ ఆ పన్నెండునే 180 దాకా పెంచుతుంది. ఇంటి కరెంటును నేరుగా రెక్టిఫై చేసి (అంటే ఏసీని డీసీగా మార్చి) ట్యూబులకిచ్చే సర్క్యూట్ల జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. ఐసొలేషన్ లేని, అంటే మెయిన్స్ నుంచి విడదీయని బోర్డులో గ్రౌండే కదా అని ముట్టుకున్న తీగ కూడా ప్రాణం మీదికి తేగలదు.

ముందు కన్వర్టర్ ఒక్కటే కట్టి, ట్యూబులు పెట్టకుండానే వోల్టేజీ చూసుకోండి. అవుట్‌పుట్ కెపాసిటర్ కనీసం 250 వోల్టులది ఉండాలి. స్విచ్ తీసేశాక కూడా అందులో చార్జ్ మిగిలే ఉంటుంది, అప్పుడూ షాక్ తగలొచ్చు. అందుకే దాని కాళ్ల మధ్య 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా సోల్డర్ చేసేయండి. కెపాసిటర్ 4.7 మైక్రోఫారడ్‌లదైతే పది, పన్నెండు సెకన్లలో దాదాపు ఖాళీ అవుతుంది. అయినా సరే, మీటరు ప్రోబులు ఆనించి, అంకె 180 నుంచి జారిజారి ఐదులోపు పడేదాకా చూశాకే చెయ్యి పెట్టండి. ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే నల్ల ప్రోబుకు క్లిప్పు తగిలించి, ఒక్క చేత్తోనే పని కానివ్వండి.

ఆనోడ్ రెసిస్టర్ (ట్యూబు ప్లస్ కాలికి వరసలో పెట్టేది) లేకుండా ట్యూబును ఒక్క క్షణం కూడా వెలిగించొద్దు. గ్యాస్ అంటుకున్నాక కరెంటుకు అదుపుండదు. సప్లై 180, వెలుగుతున్నప్పుడు ట్యూబు మీద 140 అనుకుంటే మిగిలే 40 వోల్టులను రెసిస్టరే మోయాలి. ఐఎన్-14 అనే సోవియట్ నిక్సీ ట్యూబుకి 2.5 మిల్లీ ఆంపియర్లు చాలు కాబట్టి లెక్క 16 కిలో ఓమ్‌లకు వస్తుంది. మీ ట్యూబు డేటాషీట్ చూసి ఈ లెక్క మళ్లీ వేసుకోండి. కాస్త మసకగా వెలిగితే వచ్చే నష్టమేమీ లేదు, ట్యూబు ఎక్కువ కాలం మన్నుతుంది.

కాళ్లు వంచేటప్పుడు గాజు దగ్గర నోస్ ప్లయర్‌తో పట్టుకుని, దానికి అవతలి భాగాన్నే వంచండి. గాజు మొదట్లో వెంట్రుకంత పగులు వచ్చినా గాలి దూరుతుంది, ఇక ఆ ట్యూబు పనికిరాదు. చాలా ట్యూబుల్లో కొద్దిగా పాదరసం కూడా ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని తడిగుడ్డతో ఎత్తండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ వద్దు.

ప్రోగ్రామ్‌లో చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. గంటల పదుల స్థానంలో 0, 1, 2 తప్ప వేరే అంకె రాదు. వెలగని అంకెల మీద లోహపు పొర పేరుకుని, తర్వాత అవి అక్కడక్కడా నల్లగా ఉండిపోతాయి. రోజూ రాత్రి కొన్ని నిమిషాలు అన్ని అంకెలూ వరసగా తిరిగేలా కోడ్ రాసుకోండి.