సంతలో కొన్న గొర్రెను ఆ రోజే మందలో కలపొద్దు

పోయిన నెల ఒక పెంపకందారు ఫోన్ చేశాడు. "సార్, టీకా వేయించి వారం కాలేదు, జీవాలు పారుకుంటూ పడిపోతున్నాయి. మీ మందే చంపింది" అన్నాడు. వెళ్లి చూస్తే కళ్లకు పుసి, ముక్కులో చీమిడి, నోట్లో పుళ్లు. పారుడు రోగం, అదే పీపీఆర్. కాసేపు కూర్చున్నాక అసలు సంగతి చెప్పాడు. సంతలో పది గొర్రెలు కొని, ఆ సాయంత్రమే దొడ్డిలో తోలాడట. మర్నాడు అన్నిటికీ టీకా వేయించాడట.

మందలు పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువగా చేసిన తప్పు ఇదే. టీకా పూర్తిగా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. సంతలో అంటుకున్న వైరస్ నాలుగైదు రోజుల్లోనే బయటపడుతుంది. నింద మాత్రం సూదికి.

పోగొట్టలేని జబ్బేం కాదిది. దీనికి దగ్గరి చుట్టమైన రిండర్‌పెస్ట్ ఒకప్పుడు ఊళ్లలో పశువుల్ని తుడిచిపెట్టేది. టీకాలతో తరిమితే 2011 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయింది. మనుషుల మశూచి 1980లోనే పోయింది. పారుడు రోగానికి పెట్టుకున్న గడువు 2030. ఒక్క డోసు మూడేళ్లు కాస్తుంది, ఇంకేం కావాలి?

తొలకరి పడకముందే టీకా వేయించండి. కొత్త జీవాలను 21 రోజులు వేరే కొట్టంలో ఉంచండి. టీకా అక్కడే వేయించండి. తొట్టి వేరు, మేత వేరు. ముందు పాత మంద పని చూసుకుని, తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి, ఎందుకంటే జబ్బు మీ చేతులు, చెప్పుల మీద కూడా వస్తుంది.

ఐస్ లేకుండా వచ్చిన మందు వేయించుకోవద్దు. అందులోది బతికున్న వైరస్, ఎండకు చచ్చిపోతుంది. కలిపిన సీసా రేపటికి దాచొద్దు. జ్వరమున్న జీవానికి టీకా వద్దు. ఒకే సూదితో మందంతా పొడవొద్దు. నాలుగు నెలలు దాటిన పిల్లల్ని వదిలేయొద్దు. జలుబేలే అని ఊరుకోవద్దు. జబ్బు జీవాన్ని సంతకు తోలొద్దు. చచ్చినదాన్ని చెరువులో పడేయొద్దు, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

అమ్ముడుపోక సంత నుంచి తిరిగొచ్చిన పొట్టేలూ కొత్త జీవమే. ఆ రోజే మందలో కలపొద్దు. బోనాలకని బావమరిది తోలుకొచ్చిన మేకపోతయినా సరే, కలపొద్దు.