బ్రిటన్ నైట్‌హుడ్: పేరు ఎవరు పంపాలి, ఎలా పంపాలి, ఇచ్చింది ఎప్పుడు తీసేస్తారు

గోదావరి జిల్లాల్లో ఆర్థర్ కాటన్ దొర పేరు తెలియని ఇల్లుండదు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తొమ్మిదేళ్లకు, 1861లో, ఆయన పేరు ముందు ‘సర్’ చేరింది. నైట్‌హుడ్ అనే ఆ బిరుదు ఇప్పటికీ ఇస్తున్నారు. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఒకటే: ‘దీనికి ఎలా అప్లై చేసుకోవాలండీ?’

చేసుకోవడం కుదరదు. ఎవరి పేరు వాళ్లు పంపుకోకూడదు, వేరొకరు పంపాలి. ఆ వేరొకరు ఎవరైనా కావచ్చు: పక్కింటివాళ్లు, తోటి ఉద్యోగి, పాత విద్యార్థి. ఫీజు లేదు. ఇంకో సంగతి, నైట్‌హుడ్డే కావాలని మనం కోరలేం. పేరు, చేసిన పని పంపుతాం. ఎంబీఈనా, ఓబీఈనా, సీబీఈనా (ఇవి నైట్‌హుడ్ కంటే కింది స్థాయి పురస్కారాలు, పేరు తర్వాత ఈ అక్షరాలు రాసుకుంటారు), నైట్‌హుడ్డా అనేది కమిటీ తేలుస్తుంది. ఆడవాళ్లకైతే ‘సర్’ బదులు ‘డేమ్’.

ఆ మనిషి బతికి ఉండాలి, ఏ పనికి పేరు పంపుతున్నామో ఆ పని ఇంకా చేస్తూ ఉండాలి. చనిపోయాక ఇచ్చేవి సాహస పతకాలు మాత్రమే. అందుకే ‘తర్వాత చూద్దాంలే’ అని వాయిదా వేయకండి.

ఫారం బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్.యూకేలో ఉంటుంది. పేరు, వయసు, చిరునామా, ఏ పని ఎన్నాళ్లుగా చేస్తున్నారు, ఇంతకుముందు వచ్చిన గుర్తింపులు రాయాలి. ఆ మనిషినీ, ఆ పనినీ దగ్గరగా ఎరిగినవాళ్లు రాసిన ఉత్తరాలు కనీసం రెండు జతచేయాలి. చాలామంది తడబడేది ఈ ఉత్తరాల దగ్గరే. నేనూ తడబడ్డాను. మా ఊళ్లో ఒకావిడ కోసం (గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను) నన్ను ఉత్తరం రాయమన్నారు. ‘ఆవిడ ఎంతో దయగల మనిషి, అందరికీ తలలో నాలుక’ అని పేజీ నింపేశాను. ఫారం నింపుతున్న రిటైర్డ్ టీచరు దాన్ని వెనక్కిచ్చి, ‘ఇది ఎవరి గురించైనా రాయొచ్చు కదా, ఆవిడ ఏం చేస్తారో రాయండి’ అన్నారు. మళ్లీ రాశాను: వారానికి మూడు రోజులు తెల్లవారకముందే తన కారులో పెద్దవాళ్లను డయాలిసిస్‌కి తీసుకెళ్తారు, ఇంగ్లీషు రానివాళ్ల పక్కన కూర్చుని డాక్టరు మాట తెలుగులో చెబుతారు, ఆవిడ రాకముందు వాళ్లలో ఇద్దరు వరసగా అపాయింట్‌మెంట్లు మానేసేవాళ్లు. ఆ మనిషి లేకపోతే ఏది ఆగిపోతుందో అది రాయండి. పొగడ్తలు పక్కన పెట్టండి.

పంపిన సంగతి ఆ మనిషికి చెప్పొద్దని ప్రభుత్వమే కోరుతుంది. అందరికీ రాదు కాబట్టి, లేనిపోని ఆశ పెట్టకూడదని. మనవాళ్లకు ఇది కష్టమే, వాట్సాప్ గ్రూపులో ఒక్కరికి చెబితే చాలు, ఊరంతా తెలిసిపోతుంది. దయచేసి చెప్పకండి.

తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. క్యాబినెట్ ఆఫీసుకు వెళ్లిన కాగితాలను వైద్యం, విద్య, కళలు, క్రీడలు, సమాజ సేవ వంటి రంగాలవారీగా ఉన్న కమిటీలు చూస్తాయి. ఈ కమిటీల్లో ఎక్కువమంది ప్రభుత్వంతో సంబంధం లేనివాళ్లే. పన్నుల శాఖ లాంటి చోట్ల వాకబు చేస్తారు. ఆ తర్వాత పేర్లు ప్రధాన కమిటీకి, ప్రధానమంత్రికి, చివరికి రాజుకు వెళ్తాయి. ‘ఇస్తే తీసుకుంటారా’ అని ముందే ఉత్తరం రాసి అడుగుతారు, వద్దనవచ్చు. జాబితాలు కొత్త సంవత్సరానికి ఒకటి, జూన్‌లో రాజుగారి అధికారిక పుట్టినరోజుకు ఒకటి వస్తాయి. నైట్‌హుడ్ ప్రదానం రోజున మోకాలు పీట మీద ఆనిస్తే, ముందు కుడి భుజానికి, తర్వాత ఎడమ భుజానికి కత్తి తాకిస్తారు. ఇంటిపేరు ముందు రాసుకునే మనం గుర్తుంచుకోవలసింది, ‘సర్’ సొంత పేరుకే అతుకుతుంది. సర్ ఆర్థర్ అనాలి, సర్ కాటన్ అనకూడదు.

ఇక పాస్‌పోర్టు సంగతి. ఎక్కడ ఉంటున్నారన్నది కాదు, ఏ దేశ పౌరులన్నదే లెక్క. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు భారత్ ఇచ్చేది) ఉన్న బ్రిటిష్ పౌరుడికి పూర్తి బిరుదు వస్తుంది. భారత పాస్‌పోర్టుతో పాతికేళ్లుగా లండన్‌లో ఉన్నా గౌరవ పురస్కారమే, దాన్ని విదేశాంగ శాఖ చూస్తుంది. కత్తి తాకించరు, ‘సర్’ అనరు. రవిశంకర్‌కు 2001లో, రతన్ టాటాకు 2009లో వచ్చినవి అలాంటివే. విదేశీ బిరుదులు తీసుకోకూడదని మన రాజ్యాంగం 18వ అధికరణ కూడా పౌరులకు చెబుతోంది. తర్వాత బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంటే మారవచ్చు: వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్‌కు 1965లో గౌరవ నైట్‌హుడ్ ఇచ్చారు, 1985లో పౌరుడయ్యాకే ఆయన సర్ యెహూదీ అయ్యారు.

‘లండన్‌లో పెద్దల పరిచయం ఉంది, ఇంత ఖర్చవుతుంది’ అని ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి. 1925 నాటి చట్టం ప్రకారం బిరుదు కోసం డబ్బు తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరం. బిరుదుల బేరగాడు మౌండీ గ్రెగరీకి 1933లో ఈ చట్టం కిందే శిక్ష పడింది.

ఇచ్చినదాన్ని తీసేయడానికి ఫోర్‌ఫీచర్ కమిటీ అని వేరే ఉంది. మూడు నెలలు దాటిన జైలుశిక్ష పడినా, వృత్తి సంఘం పట్టా రద్దు చేసినా కేసు అక్కడికి వెళ్తుంది. కోర్టు శిక్షే పడాలని లేదు, బిరుదుకు చెడ్డపేరు తెచ్చినా చాలు. రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ పతనం తర్వాత దాని మాజీ అధిపతి ఫ్రెడ్ గుడ్విన్ నైట్‌హుడ్‌ను 2012లో రద్దు చేసింది అలాగే, ఆయన మీద ఏ కోర్టు తీర్పూ లేదు. సోవియట్ గూఢచారి అని బయటపడ్డ ఆంథొనీ బ్లంట్‌ది 1979లో పోయింది, జింబాబ్వే అధ్యక్షుడు రాబర్ట్ ముగాబే గౌరవ నైట్‌హుడ్ 2008లో పోయింది. మామూలు పౌరులు కూడా ఆధారాలతో ఈ కమిటీకి రాయవచ్చు.

పతకం తిరిగి పంపేసినంత మాత్రాన బిరుదు పోదు, రద్దు చేయవలసింది రాజే. బ్రిటన్ పోస్టాఫీసు మాజీ అధిపతి పౌలా వెన్నెల్స్ తన సీబీఈ వెనక్కిస్తానని 2024 జనవరిలో ప్రకటించారు, అది అధికారికంగా రద్దయింది ఫిబ్రవరిలో. రద్దయితే ఆ సంగతి లండన్ గెజెట్‌లో వేస్తారు, పతకాన్ని బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు పంపేయాలి, సీబీఈ లాంటి అక్షరాలు పేరు పక్కన ఇక రాసుకోకూడదు.