కొత్త గేమ్ కన్సోల్: విడుదల రోజునే కొనాలంటే

ముందు స్పెసిఫికేషన్లు కాదు, గేముల జాబితా చూడండి. మొదటి ఆరు నెలల్లో మీరు నిజంగా ఆడే గేములు రాసుకోండి. వాటిలో ఒక కన్సోల్‌కే పరిమితమైనవి రెండు కూడా లేకపోతే తొందరపడక్కర్లేదు. స్నేహితులు ఏ కన్సోల్‌లో ఆడుతున్నారో కూడా అడగండి. అన్ని గేముల్లోనూ క్రాస్‌ప్లే (వేర్వేరు కన్సోళ్లలో ఉన్నవాళ్లు కలిసి ఆడే వీలు) ఉండదు.

ఎక్కువమంది బోల్తా పడేది స్టోరేజ్ దగ్గరే. పెట్టె మీద రాసిన అంకె మొత్తం మన చేతికి రాదు. 2020లో వచ్చిన పీఎస్5 (ప్లేస్టేషన్ 5)లో 825 జీబీకి గేములకు మిగిలింది సుమారు 667. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో 512కి 364 మాత్రమే. ఒక్కో పెద్ద గేమ్ 100 జీబీ దాటుతుంది కాబట్టి అది మూడింటితోనే నిండిపోతుంది. అదనపు స్టోరేజ్ ఖర్చు ముందే కలుపుకోండి. పీఎస్5 బయట దొరికే ఎం.2 ఎస్ఎస్‌డీ (లోపల అమర్చే చిన్న స్టోరేజ్ పరికరం) తీసుకుంటుంది, అది తగినంత వేగవంతమైనదైతే చాలు, కానీ ఆ సౌకర్యం 2021 సెప్టెంబర్ అప్‌డేట్‌తో గానీ రాలేదు. సిరీస్ ఎస్‌లో కొత్త తరం గేములు ఆడాలంటే దానికి ప్రత్యేకమైన కార్డే కావాలి.

డిస్క్ డ్రైవ్ లేని మోడల్ చవకే. కానీ పాత డిస్కులు పనికిరావు, వాడిన గేములు కొనలేరు, అమ్మలేరు. ఇంట్లో డిస్కులుంటే డ్రైవ్ ఉన్నదే తీసుకోండి.

టీవీ 60 హెర్ట్జ్‌దైతే, అంటే సెకనుకు 60 ఫ్రేములే చూపేదైతే, 120 ఫ్రేముల ప్రచారాన్ని పట్టించుకోకండి. 4కే, 120 హెర్ట్జ్ రెండూ కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు ఉండాలి. చాలా టీవీల్లో అది ఒకటి రెండు పోర్టులకే ఉంటుంది.

తొలి బ్యాచ్‌లలో లోపాలుండొచ్చు. ఎక్స్‌బాక్స్ 360 హార్డ్‌వేర్ వైఫల్యాలకు 2007లో వారంటీని మూడేళ్లకు పొడిగించాల్సి వచ్చింది. బిల్లు దాచండి, కన్సోల్ చుట్టూ 10 సెంటీమీటర్ల ఖాళీ వదలండి, వాపసు గడువులోపే గంటల తరబడి ఆడి చూడండి.