చేపల గాలం రాడ్ గైడ్ల (లైన్ దూరి వెళ్లే రింగుల) దగ్గర వచ్చే తంటాలు: సమస్య - పరిష్కారం

లైన్ పదే పదే తెగుతోంది

గాజులదిన్నె జలాశయంలో బొచ్చె చేప లైన్ తెంచుకుపోయిందంటూ కొత్త లైన్ కొనేవాళ్లే అంతా, గైడ్ రింగుల్లోకి తొంగి చూసేవాళ్లు తక్కువ. చిటికెడు దూది తీసుకుని, టిప్ (రాడ్ కొస) దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో రింగు లోపల చుట్టూ తిప్పండి. ఆదోని పక్కన పెట్టుకుని మనకు దూదికి కరువా! పోగు పట్టుకున్న చోట రింగు లోపలి సిరామిక్ పగిలినట్టే. ఆ గైడ్ మార్చేయండి. జిగురు పూసి, అరగదీసి లాభం లేదు.

టిప్ గైడ్ పక్కకు తిరుగుతోంది

ఇది మన ఎండాకాలపు జబ్బు. అద్దాలు మూసిన కారులో రాడ్ వదిలేస్తే టిప్ గొట్టంలోని గ్లూ స్టిక్ జిగురు మెత్తబడుతుంది. లైటర్ మంటను ఇనుప గొట్టానికి కాస్త దూరంగా ఆడించి, జిగురు కదలగానే టిప్‌ను సరిచేసి, చల్లారేదాకా పట్టుకోండి. సూపర్ గ్లూ మాత్రం వేయకండి, రేపు టిప్ మార్చాలంటే ఊడిరాదు.

వంచితే టిక్కుమంటోంది, ఎపాక్సీ మీద తెల్ల గీత

అందరూ బోల్తా పడేది ఇక్కడే. గైడ్‌ను కట్టిన దారం మీద పూసే జిగురు, అదే ఎపాక్సీ, బాగాలేదనుకుని పగులు మీద ఇంకో పూత వేస్తారు. కొన్నాళ్లకు అదే చోట మళ్లీ గీత. మూడో పూతకల్లా ఆ చోటు చింతపిక్కంత లావెక్కుతుంది గానీ శబ్దం పోదు. అసలు దొంగ పూత కింద ఉంది: గైడ్ కాలు, అంటే రాడ్‌కు ఆనించి దారంతో కట్టే పట్టీ.

కొత్త గైడ్ల కాళ్ల అడుగు అన్నిసార్లూ సమంగా ఉండదు. కొన్ని మధ్యలో పైకి వంగి ఉంటాయి, కొన్నిటి కొనకు కోసినప్పటి మొన మిగిలి ఉంటుంది. దారం బిగించాక బాగానే ఆనినట్టు కనిపిస్తుంది. చేప లాగితే బ్లాంక్ (రాడ్ కర్ర) వంగుతుంది, ఇనుము వంగదు. ఆ మొన బ్లాంక్‌లోకి దిగుతూ ఉంటుంది. చివరికి ఒకరోజు రాడ్ సరిగ్గా ఆ కాలి కొన దగ్గరే విరుగుతుంది, నింద బ్లాంక్ మీద పడుతుంది.

పాత గైడ్ తీసేటప్పుడు బ్లేడును కాలి ఇనుము మీదే నడిపించండి. బ్లాంక్ మీద గాటు పడితే అక్కడ్నుంచే విరుగుతుంది. తర్వాత కాలి అడుగున నల్ల మార్కర్ పూసి, బ్లాంక్ మీద పెట్టి కొద్దిగా ముందుకూ వెనక్కూ జరపండి. రంగు కొనల దగ్గరే చెరిగితే కాలు వంగినట్టు. రెండు కాళ్ల గైడ్ అయితే ఒక కాలు నొక్కినప్పుడు రెండోది లేస్తుందేమో చూడండి. పట్టకారుతో మెల్లగా సరిచేసి, సన్న ఆకురాయితో అడుగు నునుపు చేయండి. కొనను పైనుంచి పలచగా అరగదీయండి. గోరు ఆనించి లాగితే ఎక్కడా తగలకూడదు.

దారాన్ని కాలికి అర సెంటీమీటరు ముందు బ్లాంక్ మీద మొదలుపెట్టి కాలి మీదికి ఎక్కించండి. కొన దగ్గర సందు ఉండకూడదు. చుట్టాక బొటనవేలితో గట్టిగా నెడితే గైడ్ రవ్వంత కదలాలి, వరస సరిచూసుకునేది అప్పుడే. ఎపాక్సీ పలచగా వేసి, గట్టిపడేదాకా రాడ్‌ను తిప్పుతూ ఉండండి. ఎండల్లో తొందరగా బిగుస్తుంది, కొంచెం కొంచెమే కలుపుకోండి.

రాడ్ వంగినప్పుడు లైన్ బ్లాంక్‌కు తగులుతోంది

రీలూ గైడ్లూ పైవైపు ఉండే బెయిట్‌కాస్టర్ రాడ్‌లో ఎక్కువ. గైడ్ల మధ్య దూరం తప్పింది. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో గైడ్లు తాత్కాలికంగా బిగించి, లైన్ ఎక్కించి, కొసకు నీళ్ల సీసా కట్టి లేపండి. లైన్ గట్టిగా మలుపు తిరిగే చోట గైడ్లను దగ్గరికి జరపండి. టిప్ వైపు పోయేకొద్దీ దూరం తగ్గుతూ రావాలి. అయినా తగులుతుంటే ఇంకో గైడ్ కావాలి.

బ్లాంక్ వెన్ను (బ్లాంక్ గట్టిగా ఉండే వైపు) తప్పిందని, రీల్ సీటు (రీల్ బిగించే చోటు) వంకరని వాదించేవాళ్లూ ఉన్నారు. ఉంటే ఉండొచ్చు గానీ చాలా అరుదు. వాటి మీద ఆదివారం తగలేయకండి.