బొగ్గు గనుల నీటి లెక్కలు కావాలా? సహ చట్టం దరఖాస్తు ఇలా రాయండి

మన చిత్తూరు, తిరుపతి వైపు బొగ్గు గనులు లేవు. అయినా ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ చదువుతూ సింగరేణి మీద ప్రాజెక్టు పెట్టుకోవాలనుకునేవాళ్లకీ, గోదావరి లోయలో పొలమో చుట్టరికమో ఉన్నవాళ్లకీ ఒకటే ప్రశ్న: భూగర్భ గని వల్ల ఊరి నీళ్లు ఎంత తగ్గాయి? తేల్చాలంటే కొలిచిన అంకెలు చేతిలో ఉండాలి. అవి సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల ఫీజుతో వస్తాయి. ఎక్కడున్నవాళ్లయినా అడగొచ్చు. ఎందుకు అడుగుతున్నారో రాయనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాటే చెబుతుంది.

అసలు చిక్కంతా ప్రశ్న రాయడంలోనే ఉంది. 'మీ గని వల్ల మా బావులు ఎండిపోతున్నాయా?' అని రాస్తే, అభిప్రాయాలు చెప్పడం మా పని కాదని ఒక్క లైను జవాబు వస్తుంది. అధికారి దగ్గర ఉన్న రికార్డునే అడగాలి. నమూనా:

'ఫలానా గని పరిధిలోని పీజోమీటర్లలో (నీటిమట్టం కొలిచే బోర్లలో) 2015 నుంచి నేటి వరకు వర్షాకాలానికి ముందు, తర్వాత నమోదైన నీటిమట్టాలు. అదే కాలంలో గని నుంచి తోడిపోసిన నీటి పరిమాణం, నెలవారీగా. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలో భూగర్భ జలాల అధ్యాయం. పర్యావరణ అనుమతి షరతుల అమలుపై ఇచ్చిన ఆరునెలల నివేదికలు. అంకెలు కంప్యూటర్‌లో ఉంటే ఎక్సెల్ ఫైలుగా ఇప్పించగలరు.'

తోడిన నీటి లెక్క ఎందుకంటే, గనిలో పని సాగాలంటే ఊరే నీటిని ఎప్పటికప్పుడు తోడుతూనే ఉండాలి. దాంతో గని చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగుతుంది. లాంగ్‌వాల్ పద్ధతిలో, అంటే పొడవాటి గోడలా ఉన్న బొగ్గును స్తంభాలు వదలకుండా యంత్రంతో కోసే పద్ధతిలో, బొగ్గు తీశాక వెనక పైకప్పు కూలి, పై పొరల్లో పగుళ్లు వస్తాయి. వాటి గుండా పైనున్న నీరు గనిలోకి దిగే వీలుంది. స్తంభాలు వదిలి తవ్విన చోట ఈ బాధ తక్కువ. కాబట్టి తవ్వే పద్ధతి ఏమిటో కూడా దరఖాస్తులో అడగండి.

ఇక్కడి అనుభవంతో అక్కడ అంచనా కట్టకండి. పలమనేరు వైపు నీళ్లు గట్టి రాతి పగుళ్లలో ఉంటాయి. ఒక బోరు ఎండినా పక్క చేనులో బోరు పోస్తూనే ఉంటుంది. గోదావరి లోయ ఇసుకరాయి మాత్రం తన రంధ్రాల్లోనే నీటిని పట్టి ఉంచుతుంది, అందుకే తోడకం ప్రభావం చాలా దూరం పాకుతుంది.

అంకెలు వచ్చాక గని దగ్గరి బావులను, అదే వాన పడే దూరపు బావులతో పోల్చాలి. ఉదాహరణకు దగ్గరివి 6 మీటర్లు, దూరానివి 2 మీటర్లు దిగితే, గని మీద అనుమానపడాల్సింది ఆ 4 మీటర్ల తేడాకే. అందులోనూ రైతుల బోర్ల వాటా తీసేయాలి. దూరపు బావుల కోసం కేంద్ర భూగర్భ జల మండలి లెక్కలు చూడండి. వాళ్లు పరిశీలక బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు మట్టం కొలుస్తారు. కేంద్రం నీటి లెక్కలు పెట్టే ఇండియా-డబ్ల్యూఆర్ఐఎస్ పోర్టల్‌లో దొరికేవాటికి దరఖాస్తు దండగ.

సింగరేణిలో తెలంగాణకు 51, కేంద్రానికి 49 శాతం వాటా. కొత్తగూడెంలోని ప్రధాన కార్యాలయ సమాచార అధికారి పేరిట, పోస్టల్ ఆర్డర్ జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి. తెలుగులో రాసినా చెల్లుతుంది. జల మండలికైతే కేంద్ర ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. తప్పు ఆఫీసుకు వెళ్లినా, 5 రోజుల్లో సరైన చోటికి వాళ్లే బదిలీ చేయాలి.

గడువు 30 రోజులు. పేజీకి 2 రూపాయలు కట్టమని లేఖ వస్తే, కట్టేదాకా పట్టిన రోజులు ఈ గడువులో చేరవు. గడువు దాటాక ఇస్తే ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, వాణిజ్య రహస్యమంటూ తిప్పికొట్టినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండోది. తిప్పికొడతారని ముందే అనుమానముంటే పర్యావరణ నివేదికను విడి దరఖాస్తులో అడగండి. ప్రజాభిప్రాయ సేకరణ కోసం దాని ముసాయిదాను జనం ముందు పెట్టిన గనికి ఈ రహస్యం సాకు నిలవదు.

ఇదే నమూనా మన గ్రానైట్ క్వారీలకూ పనికొస్తుంది. కుప్పం దగ్గర చిగురుగుంటలో భూగర్భ బంగారు గని నడిచిన కాలం నాటి రికార్డులు అడగాలన్నా ఇంతే. గని పేరు మార్చి, జిల్లా గనుల శాఖకూ భూగర్భ జల శాఖకూ విడివిడిగా పంపండి. మన రాష్ట్రంలో మండల కార్యాలయానికైతే ఫీజు 5 రూపాయలే, గ్రామ స్థాయిలో అదీ లేదు.