కత్తి కొనకముందు: జపాన్ ఖడ్గవిద్యలో తొలి అడుగులు

జపాన్ ఖడ్గవిద్య నేర్చుకోవాలన్న కోరిక కలగగానే చాలామంది కత్తి కోసం వెతుకుతారు. వెతకవలసింది గురువును, అంతకన్నా ముందు తేల్చుకోవలసింది ఏ విద్య కావాలన్నది. కెందోలో కవచం ధరించి, వెదురు బద్దలతో కట్టిన షినాయ్‌తో ఎదుటివారిపై నిజంగానే తలపడతారు. ఇయాయ్‌దోలో ప్రత్యర్థి ఊహలోనే ఉంటాడు. ఒరలోంచి కత్తి దూసి, వేటు వేసి, మళ్ళీ ఒరలో పెట్టే క్రమాన్ని ఒంటరిగా సాధన చేస్తారు. అఖిల జపాన్ కెందో సమాఖ్య ఇందుకోసం 12 కతాలను, అంటే ముందే కూర్చిన కదలికల వరుసలను, నిర్ణయించింది. అయితే అందుబాటులో ఉన్న మంచి గురువు ఈ రెండింటిలో ఏది నేర్పితే దానితోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. చేరేముందు ఒక తరగతిని మొదటినుంచి చివరిదాకా పక్కన కూర్చుని చూడండి.

కెందోలో చేరితే తొలి వారాలన్నీ పాదాలకే సరిపోతాయి. కుడిపాదం ముందుంచి, ఎడమ మడమను కొద్దిగా లేపి, అరికాళ్ళు నేలను రాసుకుంటూ జరగడాన్ని సురియాషి అంటారు. దీనితోపాటు సుబురి, అంటే గాలిలో వేట్లు వేసే సాధన, సాగుతుంది. పిడి చివరను ఎడమచేతి చిటికెనవేలు, ఉంగరపువేలు గట్టిగా పట్టుకోవాలి. కుడిచేయి దారి చూపితే చాలు. కుడిచేతి బ్యాటరు పిడి చివర పట్టేదీ ఎడమచేతితోనే కనుక క్రికెట్ ఆడినవారికి ఈ పట్టు అంత కొత్తగా అనిపించదు. కుడిచేతి బలం ఎక్కువైతే వేటు పక్కకు పోతుంది, భుజాలు బిగుసుకుపోతాయి.

పోటీ నిబంధనల ప్రకారం వయోజనులు వాడే షినాయ్ పొడవు 120 సెంటీమీటర్లు మించకూడదు. బరువు పురుషులకు కనీసం 510 గ్రాములు, స్త్రీలకు 440 గ్రాములు ఉండాలి. తొలి కొనుగోలు ఇదొక్కటే చాలు. కవచం ఖరీదైనది, కొలతలకు సరిపోవాలి కూడా, అందుకని గురువు చెప్పేదాకా ఆగండి. సాధనకు ముందు ప్రతిసారీ నాలుగు బద్దలనూ వేలితో తడిమి, పగులుగానీ పేడు లేచినట్లుగానీ ఉంటే ఆ షినాయ్‌ను పక్కన పెట్టండి. విరిగిన పేడు శిరస్త్రాణపు ఊచల సందులోంచి కంట్లోకి దూసుకుపోగలదు.

ఇయాయ్‌దోలో చేరినవారు చెక్కకత్తితో మొదలుపెట్టి, తర్వాత ఇయాయ్‌తో అనే పదును లేని సాధన కత్తికి మారతారు. దాని పొడవు మీ ఎత్తును బట్టి ఉంటుంది కాబట్టి గురువు కొలత చూసి చెప్పాకే తెప్పించుకోండి. పదును లేకపోయినా మొన మొనే; ఒరలో పెట్టేటప్పుడు తొందరపడితే మొదట గాయపడేది ఒర మూతిని పట్టుకున్న ఎడమచేయే.