మెడ ధమనుల స్కాన్‌తో గుండె ముప్పు అంచనా

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, తలను అవతలి పక్కకు 45 డిగ్రీలలోపు తిప్పించండి. 7 మెగాహెర్ట్జ్ లేదా అంతకు మించిన లీనియర్ ప్రోబ్ (అల్ట్రాసౌండ్ తరంగాలు పంపే, తిన్నటి అంచున్న పరికరం) వాడండి. ముందు అడ్డకోతలో, కాలర్ ఎముక (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక) నుంచి దవడ కింది వరకు రెండు వైపులా చూడాలి. తొందరపడి ఇది వదిలేస్తే పక్కగోడకు అంటుకున్న ప్లాక్ (ధమని గోడలో కొవ్వు పేరుకుని మందమైన చోటు) కంటపడదు.

తర్వాత నిలువుకోత. కామన్ కెరోటిడ్ (మెడలోని ప్రధాన ధమని) రెండుగా చీలేచోటుకు కాస్త కింద, ప్లాక్ లేని 10 మిల్లీమీటర్ల మేర, ప్రోబ్‌కు దూరంగా ఉన్న గోడనే కొలవండి. దగ్గరి గోడ మందం, చిత్రం వెలుగును పెంచే సెట్టింగ్ అయిన గెయిన్‌ను బట్టి మారిపోతుంది, నమ్మలేం. ఈసీజీ ఆర్ తరంగం (గుండె బిగిసే ముందు గీతలో కనిపించే ఎత్తైన శిఖరం) దగ్గర చిత్రాన్ని ఆపండి. గుండె బిగిసినప్పుడు ధమని ఉబ్బి గోడ పలచబడుతుంది. కిరణం గోడకు లంబంగా లేకపోతే లేని మందం కనిపిస్తుంది.

గోడ మందం 1.5 మిల్లీమీటర్లు దాటినా, రక్తమార్గంలోకి 0.5 మిల్లీమీటర్లు పొడుచుకొచ్చినా అది ప్లాక్. మా దృష్టిలో మందం అంకె కన్నా ఇదే ముఖ్యం. 2013 అమెరికా మార్గదర్శకాలు కూడా మందం కొలతను మామూలు ముప్పు అంచనాకు సిఫార్సు చేయలేదు.

ఇరుకు అనుమానముంటే డాప్లర్ (రక్తవేగం కొలిచే పద్ధతి) కిరణానికీ రక్తప్రవాహానికీ మధ్య కోణం 60 డిగ్రీలు మించనీయకండి. మెదడుకు వెళ్లే శాఖ అయిన ఇంటర్నల్ కెరోటిడ్‌లో రక్తం గరిష్ఠ వేగం సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే 50 శాతానికి పైగా ఇరుకును అనుమానించాలి. స్కాన్ శుభ్రంగా ఉందని షుగరు, బీపీ మందులు మాత్రం ఆపకూడదు.